ఉపాసం మడి

నవంబరు నాలుగు, మంగళవారం, ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఏడో నంబరు మడి కంకులు కాంటాకెక్కాయి. పొట్టు తీసిన కంకుల బరువు పంతొమ్మిది కిలోల ఆరు వందల గ్రాములు. విత్తిన రోజు నుంచి కోత దాకా ఆ మడికి యూరియా వేయలేదని రికార్డులో ఉంది.

నవీన కాంటాను సున్నాకు తెచ్చి మళ్లీ తూచింది. పంతొమ్మిది కిలోల ఆరు వందలు.

యూరియా తినని మడికి ఆ అంకె ఆరున్నర దగ్గర ఉండాలి. ఉంటే కేంద్రం పాత లెక్క తప్పని తేలి, ఎర్రకుంటపల్లెలో ఎల్లేశం ఇంటి మీద ఇరవై మూడు రోజులుగా ఉన్న బహిష్కరణ ఆ సాయంత్రం ఐదింటికి తొలగుతుంది.

అప్పటిదాకా జరిగింది ఇదీ. మెట్‌పల్లికి ఏడు కిలోమీటర్ల దూరంలో, వెంకటి అనే రైతు చేనులో, మొక్కజొన్న పరిశోధన కేంద్రం మూడు వానకాలాలుగా ఒక ప్రయోగం చేస్తోంది. మొత్తం ముప్పై ఆరు మడులు, ఒక్కో రకం మూడేసి చోట్ల. మొక్కల మధ్య దూరం మూడు రకాలు. యూరియా మోతాదు నాలుగు రకాలు: ఎకరానికి సున్నా, రెండు, నాలుగు, ఆరు బస్తాల లెక్కన. మొదటి రెండేళ్ల దిగుబడులు చూసి కేంద్రం అధికారి ఓంప్రకాశ్ ఒక కరపత్రం అచ్చు వేయించాడు. మొక్కకూ మొక్కకూ ఇరవై సెంటీమీటర్లు అక్కర్లేదు, పదిహేను చాలు. ఎకరానికి ముప్పై మూడు వేల మొక్కలు కాదు, నలభై నాలుగు వేలు పట్టించండి. యూరియా నాలుగు బస్తాలు వద్దు, రెండు చాలు. యూరియా కోసం రైతులు చెప్పులు వరుసలో పెట్టి తెల్లవారుజాము నుంచి నిలబడిన ఏడాది అది. కరపత్రం ఊళ్లు తిరిగింది.

ఎర్రకుంటపల్లెలో దాన్ని ఇల్లిల్లూ తిప్పినవాడు ఎల్లేశం. కేంద్రం అతనికి ఆదర్శ రైతని శాలువా కప్పింది. నలభై ఒక్క ఇళ్లవాళ్లు అతను చెప్పినట్టు విత్తారు. వాటిలో ముప్పై ఎనిమిది చేలల్లో రెండు కర్రలకు ఒకటి కంకి లేకుండా నిలబడింది. గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుంది. ఎల్లేశం ఇంటితో ఎవరూ మాట్లాడవద్దని చాటింపు వేయించింది. మాట్లాడితే ఐదు వేలు జుర్మానా. కిరాణా కొట్టు ఉప్పు ఇవ్వలేదు. అతని భార్య సారక్కకు ఏడో నెల. ఆశ వర్కర్ గడప తొక్కడం మానేసింది. పోలీసు వచ్చి అడిగితే, "మేమేం ఆపలే సారు, మాట్లాడబుద్ధి అయితలేదు" అన్నారు.

కమిటీ ఒక గడువు పెట్టింది. కరపత్రమే తప్పు అని కేంద్రం రాసిస్తే ఎల్లేశం తప్పు లేనట్టు. నవంబరు నాలుగు సాయంత్రం ఐదింటి లోపు ఆ కాగితం రాకపోతే బహిష్కరణ మూడేళ్లు. కేంద్రంలో జూన్ నుంచి కాంట్రాక్టు మీద పనిచేస్తున్న నవీన, మడులు తూచాక ఆ కాగితం తనే ఇప్పిస్తానని ఎల్లేశానికి మాటిచ్చింది.

"మేడం, కాంటా ఖరాబైందా?" అంది వినోద. ఆమె వెంకటి ఊరి కూలీ. "మూడోసారి ఎక్కిస్తున్నరు."

"కాంటా మంచిగనే ఉన్నది."

"మరి మీ మొకం ఎందుకట్ల అయ్యింది?"

నవీన ఫీల్డు బుక్కులో అంకె రాసింది. దాని పక్కనే, అదే తీరుగా దగ్గర దగ్గరగా నాటిన మిగతా మూడు మడులూ వరసగా తూచింది. రెండు బస్తాల మడి పంతొమ్మిది కిలోల నాలుగు వందలు. నాలుగు బస్తాల మడి పంతొమ్మిది కిలోల తొమ్మిది వందలు. ఆరు బస్తాల మడి ఇరవై కిలోల వంద. ఏమీ తినని మడికి, అన్నిటికంటె ఎక్కువ తిన్న మడికి మధ్య తేడా అర కిలో.

ఓంప్రకాశ్ జీపు పదకొండు నలభైకి వచ్చింది. అతను ఫీల్డు బుక్కు తీసుకుని నాలుగు అంకెలూ చూశాడు.

"రెండేండ్లు నేను రాసినయి ఇవే అంకెలు," అన్నాడు. "మూడో ఏడు నీ చేతుల మీద వచ్చినయి. పత్రం నిలబడ్డది నవీనా."

"సార్, సున్నా మడికి ఇంత ఎట్ల వస్తది?"

"నల్లరేగడి. నేలల బలం ఉన్నది. రిపోర్టుల రాసిన గద."

"సున్నాకూ ఆరుకూ తేడా లేనప్పుడు, పత్రంల రెండు బస్తాలని ఎందుకు రాసిన్రు?"

"సున్నా అని రాస్తే నవ్వుతరు. అందుకే రెండు అని రాసిన."

"మరి ఎల్లేశం వాళ్ల ఊర్ల ఎందుకు రాలే?"

"అవి చెలకలు, ఉత్త ఎర్రమట్టి. కలుపు తియ్యలేదో, నీళ్లు వెట్టలేదో. నలభై ఒక్కమంది ఒక్కతీరు సోమరులైతే నేనేం జెయ్యాలె?" అతను బుక్కు ఆమెకు తిరిగి ఇచ్చాడు. "రాసిచ్చేది ఏం లేదు. ఆ కమిటీ వాళ్లకు ఫోన్ చేసి పత్రం కరెక్టే అని చెప్పు."

అతను వెంకటితో కలిసి మోటారు షెడ్డు వైపు నడిచాడు. అక్కడ చాయ్ పెట్టారు.

పన్నెండు గంటల పది నిమిషాలకు కూలీలు గట్టు మీద సద్దులు విప్పారు. ఎనిమిది మంది ఆడవాళ్లు. అందులో ఒకామె బాలవ్వ, అరవై రెండేళ్లు, ఎల్లేశం తల్లి. ఎర్రకుంటపల్లె నుంచి నాలుగు కిలోమీటర్లు నడిచి వస్తుంది. ప్రయోగం మొదలైన ఏడాది నుంచి ఈ చేనులో యూరియా వేసేది ఆమే. కేంద్రం మనిషి ఒక్కో మడికి ఒక్కో కవరులో యూరియా తూచి గట్టు మీద పెడతాడు. బాలవ్వ కవరు విప్పి, చాలు వెంట వంగి నడుస్తూ, ప్రతి మొక్క మొదట్లో చిటికెడు వేసి మట్టి కప్పుతుంది. ఏడాదికి మూడు తడవలు. సున్నా మడి గట్టు మీద కవరు ఉండదు. కూలీలు దాన్ని ఉపాసం మడి అంటారు.

ఊళ్లో ఇరవై మూడు రోజులుగా ఎవరూ పలకరించని మనిషి, ఇక్కడ పొద్దుటి నుంచి మాట ఆపదు.

"ఊరి మాటలన్ని మా నెత్తిన ఒడగొడ్తున్నది," అంది వినోద. "అవ్వా, బువ్వ తిను. నమిలేటప్పుడన్న నోరు మూసుకుంటదో సూస్తం."

"నువ్వు నా మాటలకు తూకం వెట్టకు పోరీ," అంది బాలవ్వ. "అవి బస్తాల లెక్క ఇచ్చేటియి కావు."

నవీన వాళ్ల పక్కన కూర్చుంది. వెంటనే అడగలేదు. బాలవ్వ ఇచ్చిన పచ్చడి మెతుకు తిని, అప్పుడు అడిగింది.

"అవ్వా, ఉపాసం మడి గింత మంచిగ ఎట్ల పండిందే?"

బాలవ్వ నవ్వింది. "ఎట్ల పండుడేంది బిడ్డా? తిండి వెడితే పండదా?"

"తిండి ఎవరు వెట్టిన్రు?"

"ఇంకెవ్వలు? నేనే."

వినోద చెయ్యి సద్ది గిన్నెలో ఆగింది. మిగతా ఆడవాళ్లు నవ్వుతున్నారు. వాళ్లకు తెలిసిన సంగతే అది.

"ఏంటిది వెట్టినవ్?"

"యూరియా. ఆరు బస్తాల మడి కవరుల సగం తీసి దీనికేసిన. ఒక దోసిలి. దానికి కడుపు పగిలేటంత పోస్తుంటిరి, దీనికి ఉత్త నీళ్లు. పక్కపక్కనే ఉన్నయి బిడ్డా. ఒక్క తల్లి పిల్లలోలె. ఒకనికి బువ్వ మీద బువ్వేసి ఇంకొకని ముంగట ఉత్త కంచం వెడ్తరా ఎవరన్న?"

"ఎన్నిసార్లు వేసినవ్?"

"ఎప్పుడేసినా గట్లనే."

"పోయినేడు?"

"పోయినేడు, అంతకుముందేడు, గీయేడు. మొదటి ఏడు మొదటి తడవ సూసిన. సారు మర్సిపోయిండు అనుకున్న. పెద్ద సదువు సదివినోడు, ముప్పై ఆరు మడులు, ఒకటి రెండు మర్సిపోడా? చెప్తే నలుగుర్ల ఆయిన తప్పు వట్టినట్టైతదని చెప్పలే. సప్పుడు జెయ్యకుంట సదిరిన."

"రెండు బస్తాల మడికి?"

"దానికి గూడ. నాలుగు బస్తాల దాంట్లకెల్లి పిడికెడు తీసి దీనికేసిన. పిడికెడే. ఎవ్వలకు ఎక్కువ తక్కువ లేకుంట సూసిన."

నవీన మిగిలిన యూరియా సంచి తెప్పించింది. బాలవ్వను ఎప్పటిలాగే దోసిలి నింపమంది. కాంటా మీద పోయించింది. రెండు వందల అరవై ఐదు గ్రాములు. పిడికెడు తొంభై గ్రాములు. గట్టు మీదే కూర్చుని లెక్క కట్టింది. సున్నా మడి తిన్నది ఎకరానికి మూడు బస్తాలు. రెండు బస్తాల మడి తిన్నది మూడు. నాలుగు బస్తాలది మూడు. ఆరు బస్తాలది మూడు. మూడేళ్లుగా ఈ చేనులో ప్రయోగం జరగలేదు. ముప్పై ఆరు మడులూ ఒకే పంక్తిలో ఒకే తిండి తిన్నాయి. నలభై నాలుగు వేల మొక్కలకు రెండు బస్తాలు పెడితే ఏమవుతుందో కేంద్రానికి తెలియదు. ఎర్రకుంటపల్లెకు తెలుసు.

ఆమె ఫీల్డు బుక్కులో తేదీ, సమయం, మాట, మాట చెప్పిన మనిషి పేరు రాసింది. పన్నెండు ఇరవై ఐదు. బాలవ్వ. కేంద్రంలో చేరినప్పుడు నేర్పిన మొదటి పని అది. ముందు రాయాలి, తర్వాత ఆలోచించాలి.

"పంటను మంచిగ సూసుకుంటె గూడ బుక్కుల రాస్తరా బిడ్డా?" అంది బాలవ్వ.

"రాస్త అవ్వా. నీ కొడుకు పనైతది దీనితోని."

బాలవ్వ రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. "నీ కడుపు సల్లగుండ," అంది.

నవీన మోటారు షెడ్డు దగ్గరికి వెళ్లింది. ఓంప్రకాశ్ చాయ్ తాగుతున్నాడు. వెంకటి మంచం మీద కూర్చున్నాడు. ఆమె నిలబడే చెప్పింది. లెక్క చూపింది. చివర్న అంది:

"పత్రం తప్పు సార్. ఎల్లేశం తప్పు లేదు. ఐదింటి లోపు రాసియ్యండి."

ఓంప్రకాశ్ గ్లాసు కింద పెట్టాడు. మూడేళ్ల రిపోర్టులు, రాష్ట్ర స్థాయి సమావేశంలో చదివిన పేపరు, కరపత్రం చివర్న ఉన్న పేరు, మూడూ అతనివే. అతను చేను వైపు చూశాడు.

"ఎవరు?" అన్నాడు.

"ఒక కూలీ సార్."

"పేరు?"

నవీన బుక్కు పేజీ మీద చెయ్యి పెట్టింది.

"బాలవ్వనే అయ్యుంటది సారు," అన్నాడు వెంకటి. "యూరియా ఏసేది ఆమెనే. ఎల్లేశం తల్లి."

"ఏ ఎల్లేశం?"

"గా ఎల్లేశమే. మీరు శాలువ గప్పిన ఎల్లేశం."

ఓంప్రకాశ్ గ్లాసు మళ్లీ తీసుకుని మిగిలిన చాయ్ తాగాడు.

"పిలువు," అన్నాడు.

బాలవ్వ వచ్చింది. అతను వెంకటి చేత స్టూలు వేయించాడు. ఆమె కూర్చోలేదు. అతను జేబులోంచి కరపత్రం తీశాడు. గొంతు పెంచలేదు.

"బాలవ్వా, గీ కాయితం ఎరికేనా?"

"ఎరికే సారు. మా ఎల్లేశం గోడకు అంటువెట్టిండు. దేవుని పటం పక్కన."

"దీంట్ల ఏమున్నది?"

"నాకు సదువెక్కడిది సారు."

"మొక్కలు దగ్గర పెట్టుమని ఉన్నది. రెండు బస్తాలు చాలని ఉన్నది. ఎవరు రాసిన్రు?"

"మీరే."

"నేను ఎట్ల రాసిన? ఇంట్ల కూసోని రాసిన్నా?"

"తూచి రాసిన్రు. నేను సూసిన గద."

"ఏం తూచిన?"

"మడులల్ల కంకులు."

"ఉపాసం మడి కంకులు గూడ తూచిన. తినకుంటనే ఇంత పండింది గదా, రెండు బస్తాలు తింటే ఎందుకు పండదు అనుకున్న. గట్ల రాసిన. అది తినకుంటనే పండిందా?"

బాలవ్వ చేను వైపు తిరిగింది.

"చెప్పు. అది తినకుంటనే పండిందా?"

"లేదు సారు. నేను వెట్టిన."

"నువ్వు వెట్టినవ్. నాకు చెప్పలే. నేను రాసిన. నీ కొడుకు చదివిండు. ఊరికి చెప్పిండు. ఊరు వేసింది. తర్వాత ఏమైందో నాకంటె నీకే ఎరుక."

బాలవ్వ కరపత్రం చేతిలోకి తీసుకుంది. తలకిందులుగా పట్టుకుంది. అందులో మొక్కజొన్న బొమ్మ ఉంది. దాని మీద బొటనవేలు పెట్టి నిలబడింది.

"నేనేసిన దోసిలి నా కొడుకు నెత్తిన వడ్డదా సారు?" అంది.

"పొద్దుగాల నేను వాన్ని సోమరి అన్న," అన్నాడు ఓంప్రకాశ్. "నాది తప్పు. వాడు సోమరి కాదు. చెప్పింది చెప్పినట్టు చేసిండు. నలభై ఒక్క ఇండ్లోళ్లు చెప్పినట్టు చేసిన్రు. చెప్పినట్టు చెయ్యంది నువ్వొక్కదానివే."

వెంకటి లేచి బయటికి వెళ్లాడు.

"సార్, తూకాలకు కావలి లేకపోవుడు మన తప్పు," అంది నవీన. "యూరియా వేసేటప్పుడు మన మనిషి గట్టు మీద ఉండాలె. మూడేండ్లు ఎవరూ లేరు. ఈ ఏడు నేనే లేను. అది రాద్దాం."

"రాద్దాం. అది గూడ రాద్దాం. నీ పేరుతోని."

"ఆమె పేరు వద్దు సార్. ఒక కూలీ అని రాద్దాం."

"నీ బుక్కుల ఏమని రాసినవ్?"

నవీన బుక్కు మూసింది. అతను చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వక తప్పలేదు. అతను పేజీ తిప్పి చదివాడు.

"పన్నెండు ఇరవై ఐదు. బాలవ్వ. నీ చేతిరాత. మంచి పద్ధతి. ఉన్నదాన్ని ఉన్నట్టు రాసినవ్. నేను గూడ ఉన్నదాన్ని ఉన్నట్టే రాస్త. పత్రం తప్పు అని రాస్త. ఎవరి చేత తప్పైందో గూడ రాస్త. నీకు కాయితం గావాలె గద. తీస్కపో."

అతను జీపులోంచి కేంద్రం పేరున్న కాగితం తెప్పించి రాయడం మొదలుపెట్టాడు. బాలవ్వ అతని కలం కదలడం చూస్తోంది. కొంతసేపటికి దగ్గరికి వచ్చింది.

ఎర్రకుంటపల్లె కమిటీ దగ్గర ఇంటికి లెక్క గోడలు కాదు, పొయ్యి. ఒక పొయ్యి మీద తినేవాళ్లంతా ఒక ఇల్లు. చందా అయినా, జుర్మానా అయినా, బహిష్కరణ అయినా పొయ్యి మీదే పడుతుంది. ఒకే కప్పు కింద అన్నదమ్ములు రెండు పొయ్యిలు పెట్టుకుంటే కమిటీకి రెండు ఇళ్లు.

"సారు, ఒక్క ముక్క రాయి," అంది బాలవ్వ. "బాలవ్వది, ఎల్లేశంది వేరే పొయ్యి అని రాయి. వానకాలం సురువు సంది వేరే అని."

"నిజమేనా?"

"కాదు సారు. కోడలే వండుతది."

"కానిది నేను రాయను."

"మూడేండ్లు కానిదే రాసిన్రు గద సారు," అంది బాలవ్వ. దెప్పుతున్నట్టు లేదు. అడుగుతున్నట్టే ఉంది.

ఓంప్రకాశ్ కలం ఆగింది. తర్వాత మళ్లీ కదిలింది. పొయ్యి మాట మాత్రం రాయలేదు. రెండు గంటల పదిహేను నిమిషాలకు అతను స్టాంపు ప్యాడు తెరిచాడు. బాలవ్వ ఎడమ బొటనవేలు పట్టుకుని ప్యాడు మీద, తర్వాత కాగితం మీద ఒత్తాడు. మొదటి ముద్ర సరిగా పడలేదు. ఆమె వేలు మీద గీతలు అరిగిపోయి ఉన్నాయి. రెండోసారి ఒత్తాడు. సాక్షి సంతకం నవీనతో పెట్టించాడు.

"నువ్వే మాటిచ్చినవ్ గద," అన్నాడు ఆమెతో. "నువ్వే తీస్కపోయి ఇయ్యి."

మిగిలిన మడులు తూచాక, నాలుగున్నరకు నవీన స్కూటీ తీసింది. బాలవ్వ వెనక కూర్చుంది. ఊళ్లోకి మలుపు తిరిగే చోట, ఒక చేనులో కంకి లేని కర్రలను పశువులకు వదిలేశారు. నవీన అక్కడ బండి ఆపింది.

"అవ్వా, ఇది ఇయ్యకుంటే?"

"ఇయ్యకుంటే ఏమైతది?"

"మూడేండ్లు గిట్లనే ఉంటది. నువ్వు, కొడుకు, కోడలు, అందరు."

"ఇస్తే?"

"ఎల్లేశం మీద పోవచ్చు. నీ మీదికి రావచ్చు. పొయ్యి ఒక్కటే అంటే, ఎవరి మీద పోదు."

బాలవ్వ బండి దిగింది. పశువులను చూసింది.

"సారక్కకు రాత్రి కాళ్లు ఉబ్బినయి బిడ్డా," అంది. "ఆశమ్మ ఇల్లు మా ఎదురుంగనే. గడపల నిలవడి సూసింది. రాలే. ఐదు వేలు యాడికెల్లి తెస్తదామె?" మళ్లీ ఎక్కి కూర్చుంది. "పా. జర ముంగట నేను ఎల్లేశంతోని మాట్లాడుత. నేనే చెప్పాలె వానికి."

మాట్లాడటానికి కుదరలేదు. వాళ్లు వెళ్లేసరికి కమిటీ భవనం ముందు జనం కూర్చున్నారు. ఎల్లేశం ఒక్కడే ఒక పక్కన నిలబడి ఉన్నాడు. అతని చుట్టూ నాలుగు గజాలు ఖాళీ. నవీన చేతిలో కాగితం చూసి అతను రెండు అడుగులు ముందుకు వేశాడు.

"దొరికిందా మేడం?"

"దొరికింది."

"మీ రుణం..." అన్నాడు. మిగతా మాట చెప్పేలోపు కమిటీ చైర్మన్ అంబదాస్ కాగితం అందుకున్నాడు. సమయం నాలుగు గంటల యాభై ఐదు నిమిషాలు.

అంబదాస్ నిలబడి గట్టిగా చదివాడు. మొదటి వాక్యం: కేంద్రం విడుదల చేసిన కరపత్రంలోని సిఫారసు చెల్లదు. జనంలోంచి ఎవరో ఈల వేశారు. ఎల్లేశం మొహం రెండు చేతులతో తుడుచుకున్నాడు. రెండో వాక్యం: ప్రయోగంలో పనిచేసిన కూలీ బాలవ్వ, భర్త పేరు లేటు రాజయ్య, గ్రామం ఎర్రకుంటపల్లె, మూడేళ్లుగా ఎవరికీ చెప్పకుండా యూరియా మోతాదులు మార్చినందున.

ఈల ఆగింది. అంబదాస్ కాగితం చివరి దాకా చదివి మడిచాడు.

"ఎల్లేశం," అన్నాడు. ఇరవై మూడు రోజుల్లో ఊరి మనిషి అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. "నీ తప్పు లేదు. కాయితం చెప్పింది. మాట నిలవెట్టుకుంటం. కని ఒకటి చెప్పు. బాలవ్వ నీ పొయ్యేనా, వేరే పొయ్యా?"

"వేరే," అంది బాలవ్వ. "వానకాలం సురువు సంది..."

"నిన్ను అడగలే."

"నేను వేరే వండుకుంటున్న అంబన్నా, ఎవ్వల్నన్న..."

"నిన్ను అడగలే అవ్వా. నీ పొయ్యి అయితే ఎల్లేశం, మాట బంద్ ఎట్లున్నది అట్లనే ఉంటది. మూడేండ్లు. వేరే అయితే నీ మీద ఇప్పుడే తీసేస్తం. ఒక్కటే మాట చెప్పు."

"ముప్పై ఎనిమిది చేన్లు గొడ్డు వోయినయి," అన్నారు వెనక నుంచి. "దోసిలి వోసిందంట, పుణ్యాత్మురాలు."

"మడులకు వెట్టింది, మాకు మన్ను వెట్టింది."

ఎల్లేశం కాగితం అడిగాడు. అంబదాస్ ఇచ్చాడు. అతను చదవలేదు. కింద వేలిముద్ర ఉన్న చోట చూశాడు. తర్వాత తల్లిని చూశాడు.

"నిజంగనే వేసినవా అవ్వా?"

"వేసిన బిడ్డా. తెల్వక వేసిన."

"మూడేండ్లు? నాకన్న చెప్పకపోతివి. గోడకు అంటువెట్టిననాడన్న చెప్పకపోతివి."

"గా కాయితంల నా దోసిలి ఉన్నదని నాకేమెరుక కొడుకా?"

అతను కాగితం తిరిగి ఇచ్చాడు.

"వేరే పొయ్యి," అన్నాడు.

"ఎప్పటి సంది?"

"ఇప్పటి సంది."

అంబదాస్ కమిటీ సభ్యులను చూశాడు. ఇద్దరు తల ఊపారు. మిగతావాళ్లు కూడా ఊపారు. పుస్తకంలో రాశారు. బాలవ్వ కొడుకు వైపు ఒక అడుగు వేసింది. అతను చేయి అడ్డం పెట్టాడు. ఆమె ఆగింది.

ఐదు గంటల నలభై నిమిషాలకు ఎల్లేశం, వెంట ఇద్దరు కమిటీ మనుషులు, ఇంటికి వెళ్లారు. బాలవ్వ కంచం, చెంబు, చద్దరు, రెండు చీరలు, మాత్రల కవరు తెచ్చి వాకిట్లో పెట్టారు. సారక్క తలుపు దగ్గర నిలబడి ఏదో అంది. ఎల్లేశం ఆమెను లోపలికి పంపి తలుపు మూశాడు.

ఆరు గంటల ఐదు నిమిషాలకు చాటింపు మొదలైంది. డప్పు నాలుగు వాడలు తిరిగింది. ఎల్లేశం ఇంటి మీద మాట బంద్ తీసివేశారని, బాలవ్వతో మాట్లాడినవారికి, తిండి పెట్టినవారికి, జాగా ఇచ్చినవారికి పది వేలు జుర్మానా అని చాటారు. ఆరున్నరకు ఆశ వర్కర్ బీపీ మిషను పట్టుకుని ఎల్లేశం ఇంట్లోకి వెళ్లింది. పక్కింటివాళ్లు పాలు పంపారు.

నవీన స్కూటీ దగ్గర నిలబడి ఉంది. ఆమె ఊరి మనిషి కాదు, జుర్మానా ఆమెకు వర్తించదు. బాలవ్వను తనతో మెట్‌పల్లి తీసుకెళ్దామని కమిటీ భవనం దగ్గర వెతికింది. అక్కడ లేదు. బస్ షెల్టరులో లేదు. వాకిట్లో కంచం, చెంబు, బట్టలు, మాత్రలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇద్దరు ఆడవాళ్లను అడిగింది. వాళ్లు ఆ పేరు వినగానే లోపలికి వెళ్లారు.

ఆరు గంటల యాభై నిమిషాలకు నవీన బాలవ్వ నంబరుకు ఫోన్ చేసింది. ఫోన్ ఎల్లేశం ఇంట్లో, మూసిన తలుపు వెనక మోగింది. పదకొండు సార్లు మోగి ఆగింది.